గామా కిరణ పేలుళ్లను ఉపగ్రహాలు ఎలా పట్టుకుంటాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

ఖగోళం గురించి ఎక్కడ మాట మొదలైనా, గామా కిరణ పేలుళ్ల దగ్గరికి వచ్చేసరికి అవే సందేహాలు మళ్లీ మళ్లీ ఎదురవుతున్నాయి. "టెలిస్కోపు అటు తిప్పి చూడరాదా?" దగ్గర్నుంచి "మన మీద పడితే ఏంటి గతి?" దాకా. విడివిడిగా జవాబులు రాసే బదులు అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోండి. ఇంటర్ ఫిజిక్స్ గుర్తుంటే చాలు.

## ముందు అసలు విషయం

గామా కిరణ పేలుడు అంటే ఏంటి? సూపర్‌నోవానే ఇంకో పేరుతో పిలుస్తున్నారా?

ఆకాశంలో ఏదో ఒక దిక్కు నుంచి ఉన్నట్టుండి గామా కిరణాలు రావడం మొదలై, సెకన్లలోనో నిమిషాల్లోనో ఆగిపోతాయి. దానికే ఆ పేరు. జీఆర్‌బీ అని పొట్టిగా అంటారు. చాలా బరువైన నక్షత్రం లోపలి భాగం కూలి కృష్ణబిలంగా మారేటప్పుడు గానీ, రెండు న్యూట్రాన్ తారలు (పేలిపోయిన నక్షత్రాల్లో మిగిలే అతి దట్టమైన గుండెకాయలు) ఢీకొని కలిసిపోయేటప్పుడు గానీ, కాంతి వేగానికి అతి దగ్గరగా పదార్థం రెండు సన్నటి ధారలుగా ఎగజిమ్ముతుంది. ఆ ధార మన వైపు తిరిగి ఉంటేనే మనకు పేలుడు కనిపిస్తుంది.

సూపర్‌నోవా వేరు. అది అన్ని వైపులా వెలుగుతుంది, వారాల తరబడి ఉంటుంది. అయితే రెండింటికీ చుట్టరికం ఉంది. 1998 ఏప్రిల్ 25న వచ్చిన పేలుడు దిక్కునే సూపర్‌నోవా 1998బీడబ్ల్యూ కనిపించింది. 2003 మార్చి 29 నాటి పేలుడుతో ఆ సంబంధం మీద అనుమానం పోయింది. శక్తి సంగతికొస్తే, సూర్యుడు తన వెయ్యి కోట్ల ఏళ్ల జీవితంలో వెదజల్లేంత శక్తి ఆ కొద్ది సెకన్లలో గామా కిరణాలుగా వెళ్లిపోతుంది.

ఎన్నాళ్లకొకటి వస్తాయి? మామూలు కంటికి కనిపించే అవకాశం ఉందా?

ఇప్పుడున్న పరికరాలకు అందేవి ఆకాశం మొత్తం మీద సుమారు రోజుకొకటి. గామా కిరణాలు కంటికి కనబడవు, ఆ వెంట వచ్చే మామూలు వెలుగు కూడా సాధారణంగా చాలా మసక. 2008 మార్చి 19 మాత్రం మినహాయింపు. ఆ రోజు పేలుడు వెలుగు దాదాపు అర నిమిషం పాటు 6వ ప్రకాశ తరగతిని దాటింది. అంటే చీకటి ఆకాశం కింద, సరిగ్గా ఆ దిక్కే చూస్తున్నవాళ్ల కంటికి అందేంత. ఆ వెలుగు బయల్దేరింది 750 కోట్ల ఏళ్ల కిందట, భూమి ఇంకా పుట్టకముందు.

వీటిని మొదట కనిపెట్టింది అమెరికా గూఢచారి ఉపగ్రహాలట, నిజమేనా?

సగం నిజం. అంతరిక్షంలోనూ వాతావరణంలోనూ అణు పరీక్షలు చేయరాదని 1963లో ఒప్పందం కుదిరింది. దాన్ని ఎవరైనా దాటుతున్నారా అని కనిపెట్టడానికి అమెరికా వేలా ఉపగ్రహాలను జంటలుగా పంపింది. లక్ష కిలోమీటర్లకు పైగా ఎత్తులో తిరిగేవి. 1967 జులై 2న వాటికి ఒక గామా సంకేతం అందింది. దాని తీరు బాంబు తీరుగా లేదు.

"అంతుచిక్కనిదాన్ని ఆరేళ్లు దాచిపెట్టారు" అనే కథకు గిరాకీ ఎక్కువ గానీ, జరిగింది దానికంటే సాదాసీదా. సంకేతం ఏ దిక్కు నుంచి వచ్చిందో తేల్చాలంటే ఒక్కో ఉపగ్రహానికి ఎప్పుడు తాకిందో కచ్చితంగా తెలియాలి. మొదటి వేలాలకు అంత చురుకైన గడియారాలు లేవు. తర్వాతి జంటలు వచ్చాక అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో క్లీబసాడెల్, స్ట్రాంగ్, ఓల్సన్ పాత రికార్డులు జల్లెడపట్టి, 1969 జులై నుంచి 1972 జులై దాకా వచ్చిన 16 పేలుళ్లను ఏరారు. అవి భూమి నుంచీ కాదు, సూర్యుడి నుంచీ కాదని తేల్చి 1973లో ప్రచురించారు.

## పట్టుకునే పరికరాలు

నేల మీదే పెద్ద టెలిస్కోపు కట్టొచ్చుగా, ఉపగ్రహం దాకా ఎందుకు?

గామా కిరణాలు నేలకు చేరవు. మన నెత్తిమీది గాలి మొత్తాన్ని నీరుగా పోస్తే పది మీటర్ల లోతు వస్తుంది, అంత మందం దాటి రాలేవు. గాలి పలచబడేదాకా బెలూన్లో పరికరాన్ని పంపడం ఒక దారి. హైదరాబాద్‌లోని టీఐఎఫ్ఆర్ బెలూన్ కేంద్రం నుంచి ఎక్స్‌రే, గామా పరికరాలు దశాబ్దాలుగా అలా ఎగిరాయి. కానీ బెలూన్ ఉండేది గంటలు. పేలుడు మన బెలూన్ షెడ్యూల్ చూసుకుని రాదు కదా.

ఒక్క మినహాయింపు ఉంది. శక్తి మరీ ఎక్కువైన గామా కిరణం గాలిని తాకితే కణాల జల్లు పుడుతుంది, దాన్ని నేల మీంచి పట్టొచ్చు. 2019 జనవరి 14న లా పాల్మా దీవిలోని మ్యాజిక్ టెలిస్కోపులు ఒక పేలుడును అలాగే చూశాయి.

గామా టెలిస్కోపులో అద్దం ఉండదంటారు. మరి ఫొటో ఎలా తీస్తుంది?

చాలా పరికరాలు ఫొటో తీయవు, లెక్కపెడతాయి. గామా కిరణం మామూలు అద్దం మీద తిరిగి ఎగరదు, లోపలికి దూసుకుపోతుంది. అందుకని దానికి అడ్డంగా సోడియం అయొడైడ్ లాంటి స్ఫటికం పెడతారు. గామా ఫోటాన్ తగిలితే స్ఫటికంలో చిన్న వెలుగు మెరుస్తుంది. వెనకున్న ఫొటోమల్టిప్లయర్ ఆ మెరుపును కరెంటు పల్స్‌గా మారుస్తుంది. పల్స్ పెద్దదైతే ఫోటాన్ శక్తి ఎక్కువ.

2008 జూన్ 11న వెళ్లిన ఫెర్మీ ఉపగ్రహంలోని పేలుళ్ల కాపలా పరికరం పేరు జీబీఎం. అందులో ఇలాంటి సోడియం అయొడైడ్ డిటెక్టర్లు 12. వాటికి అందని ఎక్కువ శక్తుల కోసం బిస్మత్ జెర్మనేట్ స్ఫటికాలు 2. వీటి నుంచి వచ్చేది సెకను సెకనుకూ ఎన్ని ఫోటాన్లు తగిలాయో చూపే గీత. పత్రికల్లో వచ్చే రంగురంగుల పేలుడు బొమ్మలన్నీ చిత్రకారులు వేసినవే.

ట్రిగ్గర్ అంటే? వచ్చింది నిజమైన పేలుడేనని ఉపగ్రహానికి ఎలా తెలుస్తుంది?

ఉపగ్రహానికి తెలియదు, అనుమానం వస్తుంది అంతే. పేలుడు లేనప్పుడు కూడా డిటెక్టర్లలో లెక్క ఆగదు. కాస్మిక్ కిరణాలు, భూ వాతావరణం నుంచి చెదిరి వచ్చేవి, అన్నీ కలిపి ఒక మామూలు స్థాయి ఉంటుంది. లోపలి కంప్యూటర్ ఆ స్థాయిని చూసుకుంటూ, లెక్క ఒక్కసారిగా హద్దు దాటితే గంట కొడుతుంది. జీబీఎంలో కనీసం రెండు డిటెక్టర్లలో ఒకేసారి పెరిగితేనే ట్రిగ్గర్ అవుతుంది, ఒక్క దాంట్లో పెరిగితే అది ఏదో కణం తగిలిన దుమారం కావచ్చు.

అయినా మోసపోయే సందర్భాలు బోలెడు. సౌర జ్వాలలు, మన పాలపుంతలోని మాగ్నెటార్లు (విపరీతమైన అయస్కాంత క్షేత్రమున్న న్యూట్రాన్ తారలు)... అన్నిటికంటే నాకు నచ్చేది ఉరుముల మేఘాలు. పిడుగుల వానలోంచి పైకి వెళ్లే గామా మెరుపులు మిల్లీసెకను లెక్కలో ఉంటాయి. నక్షత్రాల చావు కోసం పంపిన ఉపగ్రహం కింద కురుస్తున్న వానను పట్టిస్తుంది. ఇక దక్షిణ అట్లాంటిక్ మీదుగా వెళ్లేటప్పుడు అక్కడ చిక్కుకున్న ఆవేశిత కణాల తాకిడికి డిటెక్టర్ల వోల్టేజీయే తీసేస్తారు. ఆ కాసేపు ఉపగ్రహానికి కళ్లు లేనట్టే.

కోడెడ్ మాస్క్ అనే మాట తరచూ వినిపిస్తుంది. అదేంటి?

దిక్కు తెలుసుకోవడానికి నీడను వాడుకునే పద్ధతి. స్విఫ్ట్ ఉపగ్రహంలోని బ్యాట్ పరికరంలో కింద కాడ్మియం జింక్ టెల్యూరైడ్ ముక్కలు 32,768 పరిచి ఉంటాయి. వాటికి మీటరు ఎత్తున సుమారు 52,000 సీసం పలకలను, ఒక వరసంటూ లేకుండా, మధ్యలో ఖాళీలు వదిలి అతికించారు. గామా కిరణాలు సీసం దగ్గర ఆగిపోతాయి, ఖాళీల్లోంచి దిగుతాయి. కిటికీ గ్రిల్ నీడ గచ్చు మీద ఎంత పక్కకు జరిగిందో చూసి పొద్దు ఎటుందో చెప్పినట్టే, కింద పడిన నీడ జరుగుదలను బట్టి పేలుడు దిక్కు లెక్కగడతారు. పలకలు ఒక వరసలో ఉంటే రెండు వేర్వేరు దిక్కులకు ఒకేలాంటి నీడ పడి గందరగోళమవుతుంది, అందుకే ఆ అడ్డదిడ్డం.

## ఎక్కడ, ఎంత దూరం, ఎవరికి కబురు

ఒక ఉపగ్రహం చూసిందంటే చాలదా? అన్ని ఉపగ్రహాలు దేనికి?

దిక్కు తేల్చడానికి. మామూలు డిటెక్టర్ "వచ్చింది" అనగలదు, "ఎక్కడి నుంచి" అనలేదు. నా లెక్కలో ఈ రంగం చరిత్రంతా ఆ రెండో మాట కోసం పడ్డ పాటే. కాంతి సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది. ఎదురెదురు వైపులున్న రెండు వేలా ఉపగ్రహాల మధ్య దూరం దాటడానికే దానికి ముప్పావు సెకను పైన పడుతుంది. ముందు ఎవరికి తాకింది, ఎంత తేడాతో రెండోదానికి తాకింది అన్నది తెలిస్తే, పేలుడు ఆకాశం మీద ఒక వలయంలో ఎక్కడో ఉందని తేలుతుంది. మూడో ఉపగ్రహం ఉంటే ఇంకో వలయం. రెండూ ఒకదాన్నొకటి కోసుకునే చోట్లు రెండే. ఉపగ్రహాలు ఎంత ఎడంగా ఉంటే వలయం అంత సన్నం. అందుకే ఇతర గ్రహాలకు వెళ్లే నౌకల్లోనూ చిన్న గామా డిటెక్టర్ పెట్టి పంపుతుంటారు.

ఫెర్మీ ఏటా 240 దాకా పడుతుంది, స్విఫ్ట్ వంద లోపే. మరి స్విఫ్ట్‌కే అంత పేరు ఎందుకు?

స్విఫ్ట్ చోటు చెబుతుంది కాబట్టి. ఫెర్మీ జీబీఎం తన 12 డిటెక్టర్లలో ఏది ఎక్కువ లెక్కపెట్టిందో పోల్చి దిక్కు అంచనా కడుతుంది. ఆ అంచనాలో చాలాసార్లు కొన్ని డిగ్రీల తేడా ఉంటుంది. నిండు చందమామ వెడల్పే అర డిగ్రీ. అంత మేర వెతకడానికి పెద్ద టెలిస్కోపులకు ఓపిక చాలదు.

2004 నవంబరు 20న వెళ్లిన స్విఫ్ట్ పద్ధతి వేరు. బ్యాట్ కొద్ది ఆర్క్ నిమిషాల (ఒక్కోటి డిగ్రీలో అరవయ్యో వంతు) తేడాలో చోటు పట్టగానే ఉపగ్రహం ఎవర్నీ అడక్కుండా తానే ఒళ్లు తిప్పి, నిమిషం అటూ ఇటూగా తన ఎక్స్‌రే, అతినీలలోహిత టెలిస్కోపులను ఆ చోటికి గురిపెడుతుంది. గామా వెలుగు ఆగిపోయినా, ఎగజిమ్మిన ధార చుట్టుపక్కల వాయువును గుద్దుకోవడం వల్ల పుట్టే మలివెలుగు గంటలు, రోజులు ఉంటుంది. కాకపోతే వేగంగా తగ్గిపోతుంది. 1997 ఫిబ్రవరి 28న మొట్టమొదటి మలివెలుగును పట్టిన ఇటలీ, నెదర్లాండ్స్ ఉపగ్రహం బెప్పోశాక్స్‌కు ఆ చోటికి తిరగడానికి సుమారు 8 గంటలు పట్టింది. అప్పటికి అదే గొప్ప. 8 గంటల నుంచి నిమిషానికి దిగడం వల్ల, ఇట్టే ఆరిపోయే పొట్టి పేలుళ్ల (2 సెకన్ల లోపువి) మలివెలుగు కూడా 2005 మే నుంచి దొరకడం మొదలైంది.

దూరం గామా కిరణాల్లోనే తెలుస్తుందా?

తెలియదు. అందుకే దాదాపు పాతికేళ్లు తగువు నడిచింది. 1991లో వెళ్లిన కాంప్టన్ అబ్జర్వేటరీలోని బ్యాట్సే పరికరం తొమ్మిదేళ్లలో 2,704 పేలుళ్లు నమోదు చేసింది. అవి ఆకాశమంతా సమంగా పరుచుకుని ఉన్నాయి, పాలపుంత పట్టీ మీద గుంపుగా లేవు. పాలపుంత బయటివని కొందరు, మన గెలాక్సీ చుట్టూ ఉండే విశాలమైన గోళంలోవని కొందరు. 1995లో వాషింగ్టన్‌లో మొదటి పక్షాన పచిన్‌స్కీ, రెండో పక్షాన లాంబ్ అనే ఖగోళ శాస్త్రవేత్తలు ఎదురెదురుగా నిలబడి వాదించారు, తేలలేదు.

తేల్చింది 1997 మే 8 నాటి పేలుడు. దాని మలివెలుగును హవాయిలోని కెక్ టెలిస్కోపు వర్ణపటంగా విడగొడితే, దారిలోని వాయువు మింగేసిన గీతలు ఎరుపు వైపు జరిగి కనిపించాయి. ఆ జరుగుదలనే రెడ్‌షిఫ్ట్ అంటారు, ఎంత ఎక్కువైతే అంత దూరం. ఇక్కడ అది 0.835, అంటే వందల కోట్ల కాంతి సంవత్సరాలు. పచిన్‌స్కీ పక్షం నెగ్గింది. 2009 ఏప్రిల్ 23న 8.2 రెడ్‌షిఫ్ట్‌తో ఒకటి దొరికింది. అది విశ్వానికి ఇంకా 63 కోట్ల ఏళ్ల వయసున్నప్పటిది.

కబురు నేలకు ఎంతసేపట్లో చేరుతుంది? ఎవరికి వెళ్తుంది?

సెకన్ల లెక్కలో. స్విఫ్ట్, ఫెర్మీ కబుర్లు నాసా రిలే ఉపగ్రహాల మీదుగా జీసీఎన్ అనే అలర్టు వ్యవస్థకు వెళ్తాయి. 2024 జూన్ 22న వెళ్లిన ఫ్రాన్స్, చైనా ఉపగ్రహం ఎస్‌వామ్ అయితే భూమి చుట్టూ పరిచిన వీహెచ్‌ఎఫ్ యాంటెన్నాలతో పంపుతుంది. అలర్టు రాగానే రోబో టెలిస్కోపులు మనిషి చెయ్యి పడకుండానే అటు తిరుగుతాయి. ఆ తర్వాత శాస్త్రవేత్తలు "మేం చూశాం, ప్రకాశం ఇంత" అంటూ పొట్టి సర్క్యులర్లు రాస్తారు. "చూశాం, ఏమీ కనపడలేదు" అన్న సర్క్యులర్‌కీ విలువ ఉంది.

ఇందులో మన దేశానికి రేఖాంశమే పెట్టుబడి. చిలీలో, హవాయిలో పగలున్నప్పుడు మనకు రాత్రి. లద్దాఖ్‌లో హాన్లేలోని హిమాలయన్ చంద్ర టెలిస్కోపు, 70 సెంటీమీటర్ల గ్రోత్-ఇండియా టెలిస్కోపు ఆ ఖాళీని పూరిస్తాయి.

జీఆర్‌బీ 221009ఏ లాంటి పేర్లు ఎలా చదవాలి?

సంవత్సరం, నెల, తేదీ. 2022 అక్టోబరు 9న వచ్చిన మొదటిది. రెండోది బీ. తేదీ అంతర్జాతీయ కాలమానం ప్రకారం, మన గడియారం కాదు.

## చెప్పుకోవలసిన మూడు సందర్భాలు

2022 అక్టోబరు నాటిది అన్నిటికంటే పెద్దదని ఎలా అంటున్నారు?

ఇప్పటిదాకా మనకు అందినవాటిలో అంత ప్రకాశంగా మరొకటి లేదు. ఇలాంటిది పదివేల ఏళ్లకొకసారి రావచ్చని గణాంకం. ఆ రోజు జరిగిన తీరు మాత్రం తమాషా. మన టైం ప్రకారం సాయంత్రం 6:46కి ఫెర్మీ జీబీఎం ట్రిగ్గర్ అయింది. ఆ దిక్కు అప్పుడు స్విఫ్ట్ చూపులో లేదు. 7:40కి తన వంతు వచ్చినప్పుడు స్విఫ్ట్‌కు కనిపించింది మలివెలుగు మాత్రమే. గంట తర్వాత కూడా అదే ట్రిగ్గర్ కొట్టించేంత ప్రకాశంగా ఉండడం, పైగా పాలపుంత తలానికి దగ్గర్లో ఉండడం చూసి, ఇది మన గెలాక్సీలోనే మేల్కొన్న ఏదో ఎక్స్‌రే వస్తువని మొదట కబురు వెళ్లింది. తర్వాత రెండు కబుర్లూ ఒకదానివేనని గుర్తించారు. దూరం చూస్తే రెడ్‌షిఫ్ట్ 0.151, వెలుగు దాదాపు 190 కోట్ల ఏళ్లు ప్రయాణించి వచ్చింది.

ఫెర్మీ డిటెక్టర్లు లెక్కపెట్టలేక ఉక్కిరిబిక్కిరయ్యాయి. చైనాలోని లాసో కేంద్రం మొదటి 3,000 సెకన్లలోనే 64,000కు పైగా అత్యధిక శక్తి ఫోటాన్లు నమోదు చేసింది. స్విఫ్ట్ ఎక్స్‌రే చిత్రాల్లో మన గెలాక్సీ ధూళి మీద చెదిరిన కిరణాలు వలయాలుగా కనిపించాయి, రోజులు గడిచేకొద్దీ వలయాలు పెద్దవవుతూ పోయాయి. ఒక్కో వలయం ఒక్కో ధూళి పొర దూరం చెబుతుంది.

2017 ఆగస్టు 17న గురుత్వ తరంగాలతో పాటు వచ్చిందెందుకంత ముఖ్యం?

మన టైం సాయంత్రం 6:11కి, గురుత్వ తరంగాలను పట్టే అమెరికాలోని లైగో డిటెక్టర్లకు రెండు న్యూట్రాన్ తారలు కలిసిపోతున్న కంపనం అందింది. 1.7 సెకన్ల తర్వాత ఫెర్మీకి ఒక పొట్టి పేలుడు. గామా లెక్క ప్రకారం అది పేలవమైనదే, రోజూ చూసేవాటిలో ఒకటిగా కలిసిపోయేది. దాన్ని యూరప్ ఉపగ్రహం ఇంటెగ్రల్ కూడా నమోదు చేసింది. లైగో, ఇటలీలోని అలాంటి డిటెక్టరే వర్గో కలిసి 28 చదరపు డిగ్రీలకు చోటు కుదించాయి. దాదాపు 11 గంటల తర్వాత చిలీలోని స్వోప్ టెలిస్కోపు ఎన్‌జీసీ 4993 అనే గెలాక్సీలో కొత్త చుక్కను పట్టింది. దూరం 13 కోట్ల కాంతి సంవత్సరాలు.

పొట్టి పేలుళ్లు న్యూట్రాన్ తారల కలయికలోంచి వస్తాయన్న ఊహకు ప్రత్యక్ష సాక్ష్యం దొరికింది. అంత దూరం పరిగెత్తి రెండు సెకన్ల తేడాలో చేరాయంటే గురుత్వ తరంగాల వేగమూ కాంతి వేగమూ ఒకటేనని తేలిపోయింది.

2 సెకన్లకు తక్కువైతే ఒక రకం, ఎక్కువైతే ఇంకో రకం అని చదివాం. అది ఇంకా చెల్లుతుందా?

మోటు లెక్కగా చెల్లుతుంది. ఆ గీత బ్యాట్సే డేటాలో కనిపించిన రెండు గుట్టల మధ్య గీసింది, ప్రకృతి గీసింది కాదు. 2021 డిసెంబరు 11, 2023 మార్చి 7 నాటి పేలుళ్లు రెండూ నిడివిలో పొడుగువే, తీరా చూస్తే న్యూట్రాన్ తారల కలయికలో వచ్చే కిలోనోవా వెలుగు కనిపించింది. రెండోదాంట్లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు టెల్యూరియం ఆనవాలు కూడా పట్టింది. పరీక్షల్లో 2 సెకన్లే రాయండి, పరిశోధనలో మాత్రం నమ్మకండి.

## మన ఉపగ్రహం

ఆస్ట్రోశాట్ గామా పేలుళ్ల కోసం పంపింది కాదుగా, మరి ఎలా పడుతోంది?

ఆస్ట్రోశాట్ 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ30 మీద వెళ్లింది. అందులోని సీజెడ్‌టీఐ అనే పరికరం 100 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల లోపు ఎక్స్‌రేలను, ఎదురుగా ఉన్న ఒక దిక్కు నుంచి చూడడానికి చేసింది. అయితే శక్తి 100 దాటితే పక్కగోడలు కిరణాలను ఆపలేవు. ఎటు నుంచి వచ్చినా లోపలికి దిగిపోతాయి. లోపమనుకునేది ఇక్కడ వరమైంది, పరికరం చాలావరకు ఆకాశమంతటికీ కాపలా కాస్తోంది. పని మొదలుపెట్టిన రోజే, 2015 అక్టోబరు 6న, ఒక పేలుడు చిక్కింది. 2023 నవంబరుకు లెక్క 600కు చేరింది. భూమధ్యరేఖకు 6 డిగ్రీల వాలులోనే తిరుగుతుంది కాబట్టి దక్షిణ అట్లాంటిక్ కణాల బెడదా తక్కువ.

ఉపగ్రహం లోపల ట్రిగ్గర్ కొట్టదు. తగిలిన ప్రతి ఫోటాన్‌నూ రాసి పెట్టుకుంటుంది, డేటా కిందికి దిగాక వెతుకుతారు. అందుకే పరుగు పందెంలో స్విఫ్ట్‌కు సాటి రాదు. దాని అసలు బలం ధ్రువణం కొలవడంలో ఉంది. ఒక గడిలో పడిన ఫోటాన్ చెదిరి పక్క గడిలోకి వెళ్తుంది. ఏ వైపు ఎక్కువగా వెళ్తున్నాయో లెక్కపెడితే కిరణాల కంపన దిశ తెలుస్తుంది, దాన్నిబట్టి ధారలోని అయస్కాంత క్షేత్రం సంగతి. మొదటి అయిదేళ్లలోని 20 ప్రకాశవంతమైన పేలుళ్లను చూస్తే ఎక్కువవాటిలో సగటు ధ్రువణం తక్కువే వచ్చింది.

దీని తర్వాత మన దగ్గర ఏమైనా వస్తోందా?

ఐఐటీ బాంబే ముందుండి నడిపిస్తున్న దక్ష ప్రతిపాదన ఉంది. రెండు ఉపగ్రహాలు భూమికి చెరో వైపు ఉండి, ఎప్పుడూ ఆకాశం మొత్తం చూస్తుంటాయి. ఒక్క ఉపగ్రహమైతే ఆకాశంలో మూడో వంతు దాకా భూమే అడ్డు.

## భయాలు, ఆసక్తులు

పాలపుంతలోనే ఒకటి పేలి మన వైపు తిరిగితే?

ధార సూటిగా మన వైపు, అదీ కొన్ని వేల కాంతి సంవత్సరాల లోపు నుంచి వస్తే, వాతావరణంలో నైట్రోజన్ ఆక్సైడ్లు పుట్టి ఓజోన్ దెబ్బతింటుంది. సుమారు 44 కోట్ల ఏళ్ల కిందటి ఓర్డోవీషియన్ జీవనాశనానికి అదే కారణమని ఒక ఊహ ఉంది, నేరుగా సాక్ష్యం లేదు. నిద్ర చెడగొట్టుకునేంత ముప్పు కాదు. 2022 నాటి పేలుడు అంత దూరం నుంచి కూడా మన అయనావరణాన్ని (పై వాతావరణంలోని ఆవేశిత పొరను) కాసేపు కదిపింది. అంతకుమించి ఎవరికీ ఏమీ కాలేదు.

స్విఫ్ట్ కిందికి పడిపోతోందట, నిజమేనా?

కక్ష్య దిగుతున్న మాట నిజం. దానికి సొంత ఇంజిన్ లేదు, సూర్యుడి చురుకుదనం పెరిగి పై వాతావరణం ఉబ్బడంతో రాపిడి ఎక్కువైంది. రోబో నౌకతో పైకెత్తించడానికి నాసా 2025లో ఒక ప్రైవేటు సంస్థతో ఒప్పందం చేసుకుంది.

నేను డిగ్రీ స్టూడెంట్‌ని, టెలిస్కోపు లేదు. ఏమైనా చేయగలనా?

లాప్‌టాప్ చాలు. ఫెర్మీ, స్విఫ్ట్ డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, ఆస్ట్రోశాట్ డేటా ఇస్రో ఆర్కైవ్‌లో దొరుకుతుంది. జీసీఎన్ అలర్టులకు మీరూ చందాదారు కావచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. మొదలుపెట్టేవాళ్లకు నా సలహా ఇది. 221009ఏ జోలికి పోకండి, డిటెక్టర్లు పొర్లిపోయిన డేటాతో తల పట్టుకుంటారు. 130427ఏ తీసుకోండి, ప్రకాశవంతమైనది, దాని మీద రాసింది కూడా బోలెడు. జీబీఎం ఫైళ్లలో పేలుడు దిక్కుకు ఎదురుగా ఉన్న రెండు డిటెక్టర్లు ఎంచుకుని, పైథాన్‌లో పదో వంతు సెకనుకొక గడి చొప్పున ఫోటాన్ల లెక్క గీయండి. తర్వాత అదే పేలుడును పేలుడుకు పెడమొహంగా ఉన్న డిటెక్టర్‌లో గీసి చూడండి. రెండు గీతల ఎత్తుల్లో తేడా వస్తుంది కదా, ఫెర్మీ దిక్కు లెక్కగట్టేది ఆ తేడాతోనే.